తెగడమే ధర్మమైన సీల



మాది ఆలంగుళం. విరుదునగర్ జిల్లాలో నల్లరేగడి నేలల మధ్యనున్న ఊరు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా పరుచుకున్న ఈ నేలను తమిళంలో కరిసల్ అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఊళ్లలో ఉన్నాయి. వాన పడితే పత్తి, జొన్న, మినుము. పడకపోతే ఏమీ లేదు. సముద్రం చూడాలంటే తూత్తుకుడి దాకా పోవాలి. అటువంటి మెట్ట ఊరివాణ్ణి, ఈవేళ మీతో పడవ మోటారులో ఉండే ఒక చిన్న సీల గురించి మాట్లాడబోతున్నాను. వినడానికి వింతగానే ఉంటుంది. కాని ఆ సీల కథ పడవతో మొదలు కాదు, బండితో మొదలవుతుంది. బండి సంగతి మా వాళ్లకు బాగా తెలుసు.

ఎద్దుబండి చక్రం ఇరుసు మీద తిరుగుతుంది. చక్రం జారి బయటికి రాకుండా ఇరుసు కొనకు రంధ్రం చేసి, అందులో ఒక ఇనుప సీల దించుతారు. దీన్ని కడసీల అంటారు. మా ఊళ్లో తమిళం మాటే వాడుక, అచ్చాణి అంటాం. బండి మొత్తంలో చిన్న వస్తువు అదే. అది ఊడిందంటే చక్రం ఒక దారి, బండి ఒక దారి. తమిళనాట బడికి వెళ్లిన ప్రతి పిల్లవాడికీ అచ్చాణి పేరు తెలుసు. ఎందుకంటే తిరుక్కురళ్‌లో వళ్ళువరు, ఆకారం చూసి ఎవరినీ చులకన చేయవద్దని చెబుతూ, చిన్నగా కనిపించి పెద్ద పని చేసేవారిని రథపు అచ్చాణితో పోల్చాడు.

మన తెలుగువారికి ఈ సీల మరో కథలో తెలుసు. దేవాసుర యుద్ధంలో దశరథుని రథానికి సీల ఊడిపోతే, పక్కనే ఉన్న కైక తన వేలు ఆ రంధ్రంలో పెట్టి రథాన్ని నిలబెట్టిందని పెద్దలు చెబుతారు. వాల్మీకి రామాయణంలో వేలు పెట్టిన మాట లేదు. గాయపడిన భర్తను కైక యుద్ధభూమి నుంచి తప్పించి కాపాడిందని మాత్రమే ఉంది. వేలి కథ జనం నోట పుట్టి పెరిగింది. బండి ఎక్కి తిరిగిన జనం గనుక, రథం ఆగిపోవడానికి సీల ఊడడం కంటే సహజమైన కారణం వారికి తోచి ఉండదు.

వేల ఏళ్లుగా బండి మనకు నేర్పిన పాఠం ఒకటే. సీల గట్టిగా ఉండాలి, ఊడకూడదు, విరగకూడదు. ఈ పాఠం మన చేతివేళ్లలోకి ఇంకిపోయింది. ఇప్పుడు నేను చెప్పబోయే సీల ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. దాన్ని తయారు చేసేదే తెగడానికి. ఇంగ్లీషులో షియర్ పిన్ అంటారు. తెగే సీల అనుకుందాం.

అసలు తెగే సీల అవసరం ఎందుకు వచ్చింది? ఎద్దు ఉన్నంతకాలం ఆ అవసరం రాలేదు. బండి చక్రం రాయికి తగులుకుంటే ఎద్దు ఆగుతుంది. బావి మీద కపిలి తోలేటప్పుడు నీటి తోలుసంచి లోపల ఎక్కడైనా పట్టుకుంటే, మెడ మీద బరువు పెరిగిన సంగతి ఎద్దుకు తెలుస్తుంది. అది నిలబడిపోతుంది. తోలేవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. ఎద్దు శక్తిని ఇవ్వడమే కాదు, అడ్డంకిని గుర్తిస్తుంది కూడా. ఇంజనుకు ఆ స్పర్శ లేదు. ముందు రాయి ఉన్నా, చెట్టు మొద్దు ఉన్నా అదే బలంతో తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు లోపల ఏదో ఒకటి విరగక తప్పదు. ఏది విరగాలన్నది మనం ముందే నిర్ణయించి పెట్టుకోవడమే తెగే సీల వెనుక ఉన్న ఆలోచన.

ఇక పడవ దగ్గరికి వద్దాం. పడవ వెనుక అంచుకు బిగించుకొని, పని కాగానే విప్పి భుజాన వేసుకుపోగలిగిన మోటారును అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. ఫ్రాన్సులో గుస్తావ్ త్రూవే అనే ఆయన 1881లో పారిస్ నగరంలోని సేన్ నది మీద విద్యుత్తుతో నడిచే ఇలాంటి మోటారును పడవకు తగిలించి నడిపాడు. అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ 1905 ప్రాంతంలో పెట్రోలుతో నడిచేది తయారు చేశాడు. కాని దీన్ని సామాన్యుల చేతికి తెచ్చిన పేరు ఓలే ఎవిన్‌రూడ్‌ది. 1877లో నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికా చేరిన రైతు బిడ్డ ఆయన. ఒక ఎండాకాలం సరస్సు అవతలి గట్టు నుంచి కాబోయే భార్య కోసం ఐస్‌క్రీము తెస్తుంటే, తెడ్డు వేసి వేసి ఒడ్డు చేరేసరికి అది కరిగిపోయిందట. ఆ విసుగులోంచే మోటారు ఆలోచన పుట్టిందని చెప్పుకుంటారు. 1909లో ఆయన అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర గుర్రాలు. బరువు 62 పౌన్లు, అంటే సుమారు 28 కిలోలు. ధర 62 డాలర్లు. వ్యాపారం లెక్కలు, ప్రకటనలు చూసుకున్నది ఆ భార్యే, పేరు బెస్.

సరస్సుల్లో, ఏరుల్లో తిరిగే ఈ చిన్న మోటార్లకు శత్రువు నీటి అడుగున ఉంటుంది. కనపడని రాయి, మునిగిన మొద్దు, ఇసుక మేట. ప్రొపెల్లరు, అంటే నీటిలో తిరిగే రెక్కల చక్రం, వాటికి తగిలితే ఆ దెబ్బ నేరుగా లోపలి పళ్లచక్రాలకు పోతుంది. అందుకని రానురాను చిన్న మోటార్లలో తెగే సీల మామూలు విషయమైంది.

దాని అమరిక చాలా సులభం. ప్రొపెల్లరు దండానికి అడ్డంగా ఒక రంధ్రం ఉంటుంది. అందులో పెన్సిలు కంటే సన్నని సీల దూరుస్తారు. సీల రెండు కొనలూ దండానికి అటూ ఇటూ కొంచెం బయటికి ఉంటాయి. ప్రొపెల్లరు నడి దిమ్మలో ఒక గాడి ఉంటుంది. సీల కొనలు ఆ గాడిలో కూర్చుంటాయి. దండం తిరిగితే సీల తిరుగుతుంది, సీల తిరిగితే ప్రొపెల్లరు తిరుగుతుంది. ఇంజను బలమంతా ఆ సన్నని సీల మీదుగానే నీటికి చేరుతుంది. రెక్క రాయికి తగిలిందా, సీల దండం అంచు దగ్గర రెండు చోట్ల కత్తిరించినట్టు తెగి మూడు ముక్కలవుతుంది. దండం ఒట్టిగా తిరుగుతుంది, ప్రొపెల్లరు ఆగిపోతుంది. పళ్లచక్రాలు బతికిపోతాయి.

మన దేశపు తీరంలో ఇంజను పడవల కథకు కూడా నార్వేతో సంబంధం ఉంది. 1952లో భారతదేశం, నార్వే, ఐక్యరాజ్యసమితి కలిసి ఒప్పందం చేసుకొని, కేరళలో కొల్లం దగ్గర నీండకరలో మత్స్యకారుల కోసం ఒక పథకం మొదలుపెట్టాయి. ఇంజను పడవలు, మంచు కర్మాగారం, కొత్త వలలు ఆ పథకంతో వచ్చాయి. అయితే పెద్ద పడవ కొనలేని సామాన్య మత్స్యకారుడి చేతికి యంత్రం వచ్చింది ఆ తర్వాత చాలా కాలానికి. 1980లలో కేరళ, కన్యాకుమారి తీరాలలో అవుట్‌బోర్డ్ మోటార్లు వేగంగా వ్యాపించాయి. తెడ్డు, తెరచాప మీద ఆధారపడిన వళ్లాలకు, కట్టుమరాలకు కిరసనాయిలుతో నడిచే మోటార్లు తగిలించారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత తమిళనాడు, ఆంధ్ర తీరాలలో ఫైబరు పడవలు విరివిగా వచ్చాయి. వాటితో పాటు మోటార్లూ పెరిగాయి.

మా వైపు సముద్రం మన్నారు సింధుశాఖ. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. 1986లో ఆ దీవుల ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. పగడపు దిబ్బ రాయిలాంటిదే. లోతు తక్కువ చోట రెక్క తగిలితే దిబ్బకూ నష్టం, పడవకూ నష్టం. ఆంధ్ర తీరం సంగతి వేరు. అక్కడ గోదావరి, కృష్ణ మొగల దగ్గర ఇసుక మేటలు ఉంటాయి. నిన్న లోతుగా ఉన్న చోటు ఇవాళ మెరక కావచ్చు.

సీల తెగిన సంగతి ముందు చెవికి తెలుస్తుంది. ఒక దెబ్బ, వెంటనే ఇంజను మోత ఒక్కసారిగా పెరుగుతుంది. మోత పెరుగుతుంది గాని పడవ కదలదు. అనుభవం లేనివాడు ఇంజను చెడిందనుకుంటాడు. అనుభవజ్ఞుడు ముందుగా ఇంజను ఆపుతాడు. తరువాత లంగరు వేస్తాడు, లేదా ఒకరి చేత తెడ్డు వేయించి పడవ ముక్కు అలలకు ఎదురుగా ఉండేలా చూస్తాడు. పడవ అలకు అడ్డం తిరిగితే బోల్తా పడే ప్రమాదం ఉంది. సీల మార్చడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు పడవను నిలబెట్టుకోవడమే అసలు పని.

ఆ తరువాత స్పార్కు ప్లగ్గు వైరు ఊడదీస్తాడు. చేత్తో ప్రొపెల్లరు తిప్పేటప్పుడు ఇంజను పొరపాటున అందుకుంటే వేళ్లు పోతాయి. మోటారును పైకి వంచి, ప్రొపెల్లరు నీటి పైకి తెస్తాడు. కింద ఒక గుడ్డో వల ముక్కో పరుస్తాడు. చెయ్యి జారిన వస్తువు సముద్రంలో పడితే మళ్లీ దొరకదు. దండం చివర ఉన్న స్ప్లిట్ పిన్ను కాళ్లను పటకారుతో నిటారుగా చేసి లాగుతాడు. మూతలా ఉండే మరను విప్పి, ప్రొపెల్లరును వెనక్కి లాగుతాడు. అప్పుడు తెగిన సీల కనపడుతుంది. రెండు తుంపులు గాడిలో ఉంటాయి, నడి ముక్క దండం రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని మరో సన్నని కడ్డీతో అవతలికి నెడతాడు. రంధ్రం అంచుకు ఇనుము రేగి ఉంటే ఆకురాయితో నునుపు చేస్తాడు. దండం వంగిందేమో చూస్తాడు. కొత్త సీల దూర్చి, గాడిని దాని మీద సరిగ్గా కూర్చోబెట్టి, మర బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కాళ్లు విడదీసి వంచుతాడు. పాతదే మళ్లీ వంచితే అది అక్కడే విరుగుతుంది. మోటారును నీటిలోకి దించి, వైరు తగిలించి, ముందు నెమ్మదిగా నడిపి చూస్తాడు. అంతే.

ఈ పని అంతటికీ కావలసింది రెండు అదనపు సీలలు, రెండు స్ప్లిట్ పిన్నులు, ఒక పటకారు, ఒక ఆకురాయి ముక్క. వీటిని గుడ్డలో చుట్టి మోటారుకే కట్టి ఉంచడం మంచి అలవాటు. ఇంట్లో పెట్టెలో ఉన్న సీల సముద్రంలో పనికిరాదు.

అదనపు సీల లేకపోతే? చరిత్ర అంతా ఇక్కడే మలుపు తిరుగుతుంది. పడవలో ఒక ఇనుప మేకు దొరుకుతుంది. సరిగ్గా రంధ్రంలో పడుతుంది. దాన్ని దూర్చి, పొడవు కత్తిరించి, మోటారు నడిపి ఒడ్డు చేరతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అలా చేయడం తప్పు కాదు. నెమ్మదిగా నడుపుకుంటూ ఒడ్డు చేరడానికి మేకు పనికివస్తుంది. తప్పు మరునాడు మొదలవుతుంది. "బాగానే నడుస్తోంది కదా, మళ్లీ తెగే బాధ లేదు" అని మేకును అలాగే ఉంచేస్తారు. కొందరు మరీ గట్టి ఉక్కు ముక్క వెతికి వేస్తారు. ఆపైన రాయి తగిలిన రోజున సీల తెగదు. పళ్లచక్రాల పళ్లు రాలతాయి, లేదా దండం వంగుతుంది. అది సముద్రం మీద బాగుచేసే పని కాదు. బాగుపడేదాకా వేట కూడా లేదు. కైక వేలు కథ ఇక్కడ నాకు గుర్తుకు వస్తుంది. ఆపదలో పెట్టిన వేలు ఆనాటికి రథాన్ని కాపాడింది. దాని బాకీ మాత్రం రెండు వరాల రూపంలో ఆ ఇంట్లోనే ఉండిపోయి, ఎన్నో ఏళ్ల తర్వాత వసూలైంది.

ఈ పొరపాటు మత్స్యకారులదే అనుకోకండి. మా కరిసల్ నేలలో ట్రాక్టరు వెనుక తగిలించే రొటవేటరుకు కూడా ఇలాంటి తెగే బోల్టు ఉంటుంది. కొన్నేళ్ల కిందట, పురట్టాసి నెలలో విత్తనానికి నేల సిద్ధం చేస్తుంటే, మా చిన్నాయన రొటవేటరు బోల్టు రెండు రోజుల్లో మూడుసార్లు తెగింది. పాత చెరువుగట్టు పక్క చేను, మట్టిలో రాళ్లు ఉన్నాయి. "ఈ మెత్తటి బోల్టు ఎవడు పెట్టాడురా? గట్టిది వెయ్యి" అన్నాడు. నేనే వేశాను. బోల్టు తల మీద 8.8 అని ఉంది. పాతదాని మీద 4.6 అని ఉంది. ఆ మొదటి అంకె ఇనుము బలాన్ని చెబుతుందని నాకు అప్పుడు తెలియదు. 4 అంటే చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటన్ల లాగుడు తట్టుకునేది, 8 అంటే 800 తట్టుకునేది. అంటే తెగవలసిన చోట రెట్టింపు బలం పెట్టాను. మూడోనాడు గేరు పెట్టెలో పళ్లు విరిగాయి. అది బాగుపడి వచ్చేసరికి మొదటి వాన కురిసి వెళ్లిపోయింది. రేగడి నేలలో ఆ పదను పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏడు ఆ చేను బీడుగానే ఉంది.

అప్పటి నుంచి ఈ తెగే వస్తువుల చరిత్ర మీద నాకు మనసు పోయింది. చూస్తే ఇది పడవలదీ ట్రాక్టర్లదీ మాత్రమే కాదు. 1803లో ఇంగ్లండులో గ్రీనిచ్ దగ్గర రిచర్డ్ ట్రెవితిక్ తయారు చేసిన ఆవిరి యంత్రపు బాయిలరు పేలి నలుగురు మనుషులు చనిపోయారు. దాన్ని చూసుకునేవాడు పక్కకు వెళ్లగా, ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోయి ఉంది. ఆ తర్వాత ట్రెవితిక్ తన బాయిలర్లకు సీసంతో చేసిన ఒక బిరడా పెట్టించాడు. నీరు తగ్గి వేడి మితిమీరితే ముందు సీసం కరిగి రంధ్రం తెరుచుకుంటుంది, ఆవిరి బయటికి పోతుంది. మన వంటింటి ప్రెషరు కుక్కరు మూతకు ఉండే సేఫ్టీ వాల్వు ఆ సీసపు బిరడాకు మనుమరాలే. అది కరిగిపోయినప్పుడు విసుక్కొని, రంధ్రాన్ని మరోదానితో మూసి వండిన ఇళ్లు ఉన్నాయి. విద్యుత్తులో ఫ్యూజు కూడా ఈ కుటుంబంలోదే. ఎడిసన్ 1890లో ఫ్యూజుకు పేటెంటు పొందాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగితీగ చుట్టడం మనందరికీ తెలిసిన దురలవాటు. మేకు, 8.8 బోల్టు, లావుపాటి తీగ, మూసిన వాల్వు, ఇవన్నీ ఒకటే పొరపాటు. కడసీల నేర్పిన పాఠాన్ని తెగే సీలకు కూడా వర్తింపజేయడం.

అయితే తెగే సీలలో ఒక లోపం ఉందని కూడా ఒప్పుకోవాలి. అది యంత్రాన్ని కాపాడుతుంది గాని మనిషిని కాపాడుతుందని చెప్పలేం. అలలు విరిగే చోట సీల తెగితే, యంత్రం క్షేమం, పడవకు మాత్రం గండం. ఈ చిక్కును చాలామంది గుర్తించారు. ఇంగ్లండులో 1930లలో మొదలై ప్రసిద్ధి పొందిన సీగల్ మోటార్లలో సీలకు బదులు ఒక చుట్ట స్ప్రింగు పెట్టారు. దెబ్బ తగిలితే అది సాగి, ఆ అదురును తనలో ఇముడ్చుకుంటుంది. తరువాతి కాలపు మోటార్లలో ప్రొపెల్లరు దిమ్మలో రబ్బరు కూర్చారు. రాయి తగిలినప్పుడు రబ్బరు జారుతుంది. దెబ్బతిన్న రబ్బరు కూడా నెమ్మదిగా నడిపితే చాలాసార్లు ఇంటిదాకా పట్టు ఇస్తుంది. అందుకే ఇప్పుడు తెగే సీల ఎక్కువగా రెండు మూడు గుర్రాల శక్తి గల బుల్లి మోటార్లలోనే మిగిలింది. తెగడం నేర్చుకున్న సీల తరువాత జారడం నేర్చుకున్న రబ్బరు వచ్చిందన్నమాట. రెంటిలోనూ ధర్మం ఒకటే, మితిమీరిన బలానికి దారి ఇవ్వడం.

వళ్ళువరు మెచ్చుకున్న అచ్చాణి తెగకుండా ఉండి బండిని నడిపింది. ఈ సీల తెగి యంత్రాన్ని నిలుపుతుంది. రెండూ చిన్నవే. రెంటికీ ఒకే మర్యాద దక్కాలి. కాని లోకంలో నిలబడినదాన్ని మెచ్చుకున్నంతగా, సమయానికి తెగినదాన్ని ఎవరూ మెచ్చుకోరు. తెగిన సీలను తిట్టి సముద్రంలో పారేస్తారు.

మా ఇంట్లో ట్రాక్టరు పనిముట్ల డబ్బాలో ఇప్పుడు 4.6 బోల్టులు అరడజను ఎప్పుడూ ఉంటాయి. ఒకటి తెగినప్పుడు చిన్నాయన ట్రాక్టరు దిగి, ముందు ఆ చోట నేలను తవ్వి రాయిని తీసి గట్టున వేస్తాడు. ఆ తర్వాతే బోల్టు మారుస్తాడు. శ్రోతలారా, మీ పడవలోనో, మీ పొలంలోనో, మీ ఇంటి ఫ్యూజు పెట్టెలోనో ఏదైనా మాటిమాటికీ తెగుతుంటే, గట్టిది వేసే ముందు ఒక్క క్షణం ఆగండి. అది ఎందుకు తెగుతోందో చూడండి. రాయి ఎక్కడో ఉంది. దాన్ని తీయండి.